ఒరయనిదే ఒరా? ఒరసినదే ఒరా?

ఆల్ప్స్‌లో ఆవకాయ:
వారం రోజులుగా ఒక మాట బుర్రలో తిరుగుతోంది. మీరే తేల్చాలి. మాది దివిసీమ. మా తాతయ్య రొండిన ఎప్పుడూ ఒక మడత చాకు ఉండేది. పొద్దున వేపపుల్ల చెక్కుకోవడం దగ్గర్నుంచి సాయంత్రం గేదె పలుపు కోయడం దాకా అన్నిటికీ అదే. ఆ చాకు మడిచి దోపుకుంటూ ఒక మాట అనేవారు. "ఒరయనిదే ఒర" అనో, "ఒరసినదే ఒర" అనో. ఒరయడమంటే రాచుకోవడం, ఒర అంటే కత్తి తొడుగు, ఆ రెండింటి మీద శ్లేష అనుకుంటాను. రాచుకోనిదే ఒరా, రాచుకున్నదే ఒరా? రెండింటికీ అర్థం పూర్తిగా తిరగబడుతుంది కదా, ఏది అన్నారో గుర్తు రావడం లేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నేనుండేది ఫ్రాన్సులో, గ్రెనోబుల్. పక్కనున్న సవాయ్ కొండల్లో పుట్టిన ఒపినెల్ చాకు ఇక్కడ ఇంటికొకటి ఉంటుంది. 1890 నుంచీ దాదాపు అదే రూపం: బీచ్ చెక్క పిడి, అందులో గాడి, గాడిలోకి మడుచుకునే అలుగు. నాది 8వ నంబరు. అలుగు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, మడిస్తే మొత్తం పదకొండు. జీన్స్ జేబులో వేసుకుని ట్రామ్‌లో కూర్చుంటే పిడి తోక కొస తొడలో పొడుస్తోంది. ఉప్పుకాగితంతో ఆ కొసను గుండ్రం చేశాను. పిడి పొట్ట కూడా కాస్త దించి, అవిసె నూనె మూడు పూతలు పూశాను. జేబులో ఉన్నట్టే తెలియడం లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మొన్న కొండమీద వానలో తడిసి చెక్క ఉబ్బింది, అలుగు గాడిలో ఇరుక్కుపోయింది. గోరు విరిగిందే తప్ప చాకు తెరుచుకోలేదు. పక్కన రొట్టె తింటున్న ఒక పెద్దాయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, పిడి మడమను బల్లకేసి టక్కున కొట్టాడు. అలుగు అర అంగుళం బయటికొచ్చింది. దీన్ని వాళ్ళు 'సవాయ్ వాడి దెబ్బ' అంటారట. ఇంటికొచ్చి ట్రామ్ కార్డుకి ఉప్పుకాగితం చుట్టి గాడిని లోపల అరగదీశాను. ఎక్కువైపోయింది. ఇప్పుడు మడిచి ఊపితే అలుగు లోపల టకటకలాడుతోంది. సరిగ్గా అప్పుడే తాతయ్య గొంతు వినిపించింది, కానీ సగమే.

బండిరా భక్తుడు:
ముందు స్పెల్లింగ్ సంగతి చూద్దాం. కత్తి ఒరకు బండిరా: ఒఱ. రాచుకోవడానికి మామూలు ర: ఒరయు, ఒరపు, ఒరగల్లు. పుట్టుకలోనే వేరు. కాబట్టి 'ఒరయనిదే ఒఱ' అన్నదాంట్లో మీరు అనుకుంటున్న శ్లేష అసలు లేదు.

హోసూరు కోడలు:
భక్తుడు గారు చెప్పింది నిజమే, మా పక్క రుజువు కూడా ఉంది. తమిళంలో కత్తి ఒర 'ఉఱై', గీటురాయి 'ఉరైకల్'. రెండు ర-లూ రెండు అక్షరాలు. మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం కాబట్టి చిన్నప్పుడే చెవులు మెలేసి నేర్పారు.

రేపల్లె రైలు:
తాతగారు రాతలో అనలేదండీ, నోటితో అన్నారు. దివిసీమలో ఏ నోట్లోనైనా ర, ఱ వేరుగా పలికి ఎన్ని వందల ఏళ్ళయిందో! 1656లో లక్షణ గ్రంథం రాసిన అప్పకవి కూర్చుని ఏది ఏ రేఫో జాబితాలు వేయాల్సి వచ్చిందంటేనే అప్పటికి చెవి పోయిందని అర్థం. చెవికి ఒకటైతే శ్లేష ఉన్నట్టే.

బండిరా భక్తుడు:
చెవి పోతే జాబితా వేస్తారు, సరే. శ్లేషకు అది లైసెన్సు కాదు.

కుంపటి:
మీ రేఫల గొడవలో అసలుది వదిలేశారు. మడత చాకుకి ఒర ఎక్కడుంది? దానికి ఉన్నది గాడి. ఒర కావాలంటే తోలుదో చెక్కదో విడిగా ఉండాలి. తాతగారు ఆ మాట బాకు గురించో కొడవలి గురించో అనుండాలి.

ఆల్ప్స్‌లో ఆవకాయ:
కుంపటి గారూ, నాకు నచ్చింది అక్కడే. మడత చాకులో పిడే ఒర. పట్టుకునేదీ అదే, దాచేదీ అదే. అందుకే కదా జేబుకు సుఖంగా ఉండాలని పిడిని అరగదీస్తే తంటా వచ్చి ఒర మీద పడింది.

కుంపటి:
పిడే ఒర అయితే 'ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు' అన్న సామెత గతేమిటి? మా తమ్ముడి స్విస్ చాకులో రెండు కత్తులు, ఒక కత్తెర, ఒక మూత తీసేది చక్కగా కాపురం చేస్తున్నాయి.

పాలమూరు ముచ్చట:
ఆ సామెత మనదేనా అని నాకు ఎప్పటినుంచో డౌటు. హిందీలో 'ఏక్ మ్యాన్ మే దో తల్వార్' అని అచ్చం ఇదే ఉంది. చాకు ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినట్టే సామెత కూడా వచ్చుండాలె. అన్నట్టు అన్నా, 'అలుగు' అన్నవు చూడు, మా దిక్కు అలుగంటే చెరువు అలుగే. అలుగు దుంకిందంటే ఊరంతా పండుగ. కత్తికి అలుగు అని నేను చదువుడే తప్ప వినలే.

హోసూరు కోడలు:
తమిళంలోనూ ఒకే ఒరలో రెండు కత్తుల మాట ఉంది. ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో చెప్పడం కష్టం పాలమూరు గారూ.

రేపల్లె రైలు:
నా ఓటు 'ఒరయనిదే' కే. తొడలు ఒరుసుకుపోయాయి అంటాం, అంటే తోలు లేచిపోయిందని. చాకు ఒంటికి ఒరయకూడదు, అలా కాపాడేదే ఒర. మోసేవాడి సుఖం చెప్పే మాట ఇది. పైగా రొండిన దోపుకునేవాడికి జేబులో వేసుకునేవాడికన్నా ఈ బాధ బాగా తెలుసు, మధ్యలో జీన్స్ గుడ్డ కూడా ఉండదు కదా!

కుంపటి:
నేను ఎదురు ఓటు. ఒరుసుకోవడమంటే తోలు లేవడం ఒక్కటేనా? కృష్ణ ఒడ్డును ఒరుసుకుంటూ పారుతుంది అనమూ? ఆనుకుని, తాకుతూ, వదలకుండా. అలుగును అలా ఆనుకుని పట్టుకున్నదే ఒర, లేకపోతే ఉత్త గొట్టం. ఆవకాయ గారి చాకు టకటకే దీనికి సాక్ష్యం.

ఆల్ప్స్‌లో ఆవకాయ:
అదే నా టెన్షన్. రైలు గారి అర్థం తీసుకుంటే నేను పిడి తోక గుండ్రం చేయడం రైటు. కుంపటి గారి అర్థం తీసుకుంటే గాడి అరగదీయడం తప్పు. రెండూ నేను ఒకే చాకుకి చేశాను.

బండిరా భక్తుడు:
'ఒరిసినదే' అని మీలో ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను, రాయలేదు, సంతోషం. మెఱయు, మెఱసి, అరయు, అరసి, ఒరయు, ఒరసి. కానీ పల్లెలో పెద్దాయన 'ఒరసినదే' అంటారా? 'ఒరుసుకున్నదే' అంటారు. 'ఒరయని' కూడా పుస్తకాల వాసన కొడుతోంది. అసలు ఇది ఏదో పద్యపాదం ముక్క కావచ్చని నా అనుమానం.

రేపల్లె రైలు:
పద్యం, ఇనుము అంటే నాకు వేమనే. 'ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు' అన్నదాంట్లో ఆ 'ఇను' చూశారా! ఇనుమడి అన్నప్పటి ఇను, అంటే రెండు. ఇనుము విరిగితే ఇనుమారు. కమ్మరి కొలిమి దగ్గర నిలబడితే సుత్తి ఒకే చోట రెండోసారి పడ్డట్టు ఉంటుంది. చదువుకున్న కవి దీన్ని యమకం అని చెప్పుకుని మురిసిపోయేవాడు, ఈయన దారిన పోతూ అనేసి వెళ్ళిపోయాడు. 1829లో బ్రౌన్ ఆ పద్యాలు అచ్చు వేయించకపోతే మనకు ఇంకెన్ని జారిపోయేవో.

బండిరా భక్తుడు:
ఇనుమాఱు. ముమ్మాఱు. రెండూ బండిరాలే.

రేపల్లె రైలు:
భక్తుడు గారూ, మీతో సంసారం చేసేవాళ్ళకు శతకోటి దండాలు.

పాలమూరు ముచ్చట:
నాకు మాటల సంగతి తెల్వదు గని, గాడి వదులైతే అంచుకు లోపల సన్నగ లక్క కరిగించి పుయ్యి. మన దిక్కు కత్తి తోకను పిడిలో పాతేది లక్కతోనే కద. అది చెక్కను మంచిగ పట్టుకుంటది. ఎక్కువైతే గీకొచ్చు, చెక్క లెక్క పోతే రాదన్న బాధ లేదు. ఇంకోటి, జేబుల చాకు పెట్టుకొని ట్రామ్ ఎక్కితే అక్కడ పోలీసులు ఊకుంటరా?

ఆల్ప్స్‌లో ఆవకాయ:
సరైన కారణం లేకుండా పెట్టుకు తిరిగితే ఊరుకోరు, చట్టం ఉంది. కొండెక్కే రోజు మాత్రమే, రొట్టె, చీజుతో పాటు. ఇంకో సంగతి, పిడి మెడ దగ్గర తిరిగే ఉంగరం ఒకటుంది, 1955లో పెట్టారు. తెరిచినప్పుడు అలుగు మడుచుకోకుండా బిగిస్తుంది. 2000 నుంచి మడిచినప్పుడు కూడా బిగిస్తుంది. కాబట్టి నాది జేబులో తెరుచుకోదు, చప్పుడే బాధ. లక్క ఇక్కడ దొరకదేమో, మైనంతో ప్రయత్నిస్తాను.

ఇంతలో మా మేనత్తకు ఫోన్ చేశాను. "ఒరే, నాన్న ఆ మాట అన్నది చాకు గురించి కాదురా, నుయ్యి గురించి" అంది. పెరట్లో నుయ్యి తవ్వించినప్పుడు ఒరలు, అదే నూతి చుట్లు, దించేవాళ్ళతో అనేవారట. ఒర మీద ఒర సరిగ్గా ఆనకపోతే సందులోంచి ఇసక వచ్చి నుయ్యి పూడిపోతుందని. కానీ చాకు మడుస్తూ అనడం నేను నా కళ్ళారా చూశాను.

కుంపటి:
ఆనకపోతే పూడిపోతుందా! అయితే 'ఒరసినదే'. నేను గెలిచాను.

రేపల్లె రైలు:
ఆగండాగండి. అత్తగారు మాట చెప్పారా, సందర్భం చెప్పారా?

ఆల్ప్స్‌లో ఆవకాయ:
సందర్భమే. మాట అడిగితే "ఒరయనిదే" అంది. మళ్ళీ అడిగితే "ఒరవడే ఒర" అనేవారేమో అంది. మూడోసారి అడిగితే పాలవాడొచ్చాడని పెట్టేసింది.

హోసూరు కోడలు:
నుయ్యి ఒర కూడా తమిళంలో ఉఱైయే, 'ఉఱై కిణఱు' అంటాం. మదురై దగ్గర కీళడి పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డవి అవే, మట్టి ఒరలు. అంటే కత్తి ఒర, నుయ్యి ఒర ఒకే మాట, భక్తుడు గారి బండిరాయే.

బండిరా భక్తుడు:
నేను మొదటి నుంచీ అదే అంటున్నాను. ఆవకాయ గారూ, అత్తగారు ఒర అన్నప్పుడు ర ఏమైనా గట్టిగా వినపడిందా?

ఆల్ప్స్‌లో ఆవకాయ:
వాట్సాప్ కాల్ అండీ. "ఒరే" ఒక్కటే గట్టిగా వినపడింది.