గోదావరి డెల్టాలో ఇళ్లు, రోడ్లు, మురుగు కాలువలు: ఒకే పటం మీద చూసేదెవరు?

అంబాజీపేట రైతు (ప్రశ్న):
మా ఊళ్లో పుంత (బండ్ల బాట) పక్కనున్న పల్లపు చేలను మెరక చేసి లేఅవుట్ వేశారు. పుంతను ఆనుకుని పోయే మురుగు బోదెను పూడ్చి, దారి కోసం ఒక సిమెంటు తూము వేసి సరిపెట్టారు. అప్పటి నుంచి సార్వా (ఖరీఫ్) నాట్లు పడ్డాక గట్టి వాన కురిస్తే ఎగువ చేలు మునుగుతున్నాయి, నీరు తీసేలోగా నాట్లు కుళ్లిపోతున్నాయి. స్థలాలకు అనుమతి ఇచ్చినవారు రోడ్డు వెడల్పూ ఖాళీ స్థలమూ నిబంధనల ప్రకారమే ఉన్నాయంటారు. కాలువలు చూసేవారు ఆ బోదె తమ పరిధిలోది కాదంటారు. ఇళ్ల స్థలాలు, సాగు భూమి, రహదారులు కలిపి చూసే ప్రణాళిక చట్టంలో ఎక్కడైనా ఉందా? ఉంటే రైతు తన మాట ఏ దశలో చెప్పుకోవాలి?

విశ్రాంత ఇంజనీరు, భీమవరం:
ముందు నేల తీరు చెబుతానండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విస్తరించిన పంట కాలువలు మెరక వెంబడి నడుస్తాయి, మురుగు కాలువలు రెండు మెరకల నడుమ పల్లం పట్టుకుని సముద్రానికి పోతాయి. పాత ఊళ్లు ఎక్కువగా మెరక మీదే ఉంటాయి. మెరక ధరలు పెరిగాక లేఅవుట్లు పల్లంలోకి దిగాయి; అక్కడ సెంటు చవకగా దొరుకుతుంది గాని, ఎగువ ఆయకట్టు నీరంతా పోవలసిన దారి అదే.

రోడ్ల విషయం ఇంకా ముఖ్యం. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి కోనసీమలో దాదాపు తీరానికి సమాంతరంగా, అంటే నీటి నడకకు అడ్డంగా సాగుతుంది. ఇలాంటి రోడ్డును వెడల్పు చేసినప్పుడు పాత తూమును అదే కొలతతో పొడిగిస్తే చాలదు. వరి చేను గట్టు జానెడు నీటిని కొంతకాలమైనా పట్టి ఉంచుతుంది. అదే చేను లేఅవుట్ అయితే వాన నీరంతా ఒక్కసారిగా తూము మీద పడుతుంది. దిగువన పోటు వేళ డ్రెయిన్ నీటిని సముద్రం తీసుకోదు, పైగా ముఖద్వారాల వద్ద ఇసుక మేట వేస్తుంది. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సాగు మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు గోడు కూడా చెప్పుకున్నారు.

ప్రణాళికా విద్యార్థిని, కాకినాడ:
చట్టం ఉందండి. 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 243జెడ్‌డీ అధికరణం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. పంచాయతీల, పురపాలక సంఘాల ప్రణాళికలను కలిపి, భూమి వాడకం, నీటి పంపకం, మౌలిక వసతుల వంటి ఉమ్మడి విషయాలను దృష్టిలో ఉంచుకొని జిల్లా ముసాయిదా తయారుచేయడం దాని బాధ్యత. పట్టణాభివృద్ధి సంస్థలు 2016 నాటి రాష్ట్ర చట్టం కింద పనిచేస్తాయి. అవి ముసాయిదా ప్రణాళికను ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలి. మీరు మాట్లాడవలసిన దశ అదే. పొలం మునుగుతోందని రాసి ఊరుకోకుండా సర్వే నంబర్లు, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు, బోదె గుర్తున్న గ్రామ పటం జతచేయండి.

అయితే జిల్లా ప్రణాళికతోనే పని తీరుతుందని నేను అనుకోను. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించాక డెల్టా ఐదు జిల్లాల్లోకి వెళ్లింది. ఏలూరు జిల్లా మెట్టలో కురిసిన వాన ఎర్రకాలువగా తూర్పు గోదావరి జిల్లాలోని నిడదవోలు ప్రాంతానికి వచ్చి, యనమదుర్రు డ్రెయిన్‌లో కలిసి, పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరం మీదుగా పోతుంది. ఒక్కో డ్రెయిన్ పరీవాహకాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, ముందు నీటి దారులు గీసి, ఆ తర్వాతే రోడ్లు, ఇళ్ల స్థలాలు గుర్తించాలని నా దృఢాభిప్రాయం.

లంకవాసి, పి.గన్నవరం:
పెద్దలు చెప్పినవన్నీ సబబే, కానీ ఇళ్లు లేనివారి మాట కూడా వినండి. మా లంక గోదావరి పాయల నడుమ ఉంది. ధవళేశ్వరం వద్ద నీటి మట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అప్పటికే మా వీధిలోకి నీరు వస్తుంది. 2022 జులై వరదలో బియ్యం, మందులు పడవ మీదే తెచ్చుకున్నాం. లేఅవుట్లే వద్దంటే మేమెక్కడికి పోవాలి? సెంటున్నర స్థలమైనా మెరక మీద, బస్సు వచ్చే దారి పక్కన కావాలి. ఊరికి దూరంగా ఇస్తే కూలి డబ్బులు ఆటో చార్జీలకే పోతాయి. 57 కిలోమీటర్ల కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి వస్తుంది. స్టేషన్ల దగ్గర మెరక భూమిని పేదల ఇళ్లకు ఇప్పుడే కేటాయించి ఉంచాలి, రైలు వచ్చాక ఆ ధరలు మాకు అందవు.

అంబాజీపేట రైతు:
లేఅవుట్ వద్దనడం నా ఉద్దేశం కాదండి, నీటికి దారి వదలాలన్నదే నా కోరిక. ఇంజనీరు గారూ, ఆ తూము చాలడం లేదని మేమెలా రుజువు చేయాలి?

విశ్రాంత ఇంజనీరు, భీమవరం:
వాన వెలిసిన మరునాడు తూముకు రెండు వైపులా నీటి మట్టం కొలిచి, తేదీతో ఫొటోలు తీయండి. ఎగువన మట్టం బాగా ఎక్కువగా ఉంటే తూము చాలడం లేదన్నమాట, లేదా అది పూడిందన్నమాట. రెండు వైపులా సమంగా నిలిచి ఉంటే లోపం దిగువ డ్రెయిన్‌లో ఉంది. అప్పుడు అర్జీ పూడిక తీయమని పెట్టాలి, తూము మార్చమని కాదు.