పాకలో ఉండే కారు: బ్యాటరీ మాటిమాటికీ డౌన్ అవుతోంది, ఏం చేయాలి?

రాజోలు టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లె. చిన్న పెట్రోలు కారు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే పట్టే చార్జింగ్ కొలత) బ్యాటరీ. కంటి ఆపరేషన్ అయ్యాక మావారు డ్రైవింగ్ మానేశారు. నాకు రాదు, ఈ వయసులో నేర్చుకునే ఓపికా లేదు. పండక్కి పిల్లలు వచ్చినప్పుడో, అమలాపురం ఆసుపత్రికి వెళ్లాలని డ్రైవరు కుర్రాణ్ణి పిలిచినప్పుడో తప్ప కారు పాకలోంచి కదలదు.

తీరా కదలాల్సిన రోజున తాళం తిప్పితే టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది. పక్కింటివాళ్ల ట్రాక్టరు బ్యాటరీకి వైర్లు తగిలించి స్టార్ట్ చేయిస్తున్నాం. దమ్ము రోజుల్లో ఆ ట్రాక్టరు చేలోనే ఉంటుంది, మేం వీధిలో ఉంటాం. బ్యాటరీ ఇంకా వారంటీలోనే ఉంది. షాపుకి వెళితే "వాడకపోతే పోతుందమ్మా, కొత్తది వేయించుకోండి" అంటారు. వాడినా పోయేదే, వాడకపోయినా పోయేదే అయితే వారంటీ దేనికిచ్చినట్టు?

మావారు గుర్తొచ్చినప్పుడల్లా పాకలోకి వెళ్లి పది నిమిషాలు ఇంజిన్ నడిపి వస్తారు. ఏసీ కూడా వేస్తారు, అదీ పాడవకూడదట. వారం తిరిగేసరికి కథ మళ్లీ మొదటికే. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఏళ్ల తరబడి బాగానే ఉంది కదా, కారుదానికేం రోగం?

రావులపాలెం ఎలక్ట్రీషియన్:

అమ్మా, ఇన్వర్టర్ బ్యాటరీకి కరెంటు ఉన్నంతసేపూ చార్జింగ్ ఎక్కుతూనే ఉంటుందండి. కారుదానికి ఇంజిన్ తిరిగితేనే మేత. ఉన్న తేడా అదే.

అయ్యగారు చేసేది చెడ్డపని కాదు గానీ, దానివల్ల బ్యాటరీ నిండదు. సెల్ఫ్ కొట్టడానికి ఖర్చయ్యేది తక్కువే, ఆ మేరకు తిరిగొచ్చేస్తుంది. కానీ సగం ఖాళీ అయిన బ్యాటరీ నిండాలంటే గంటలు పడుతుంది. పైగా ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి వచ్చేదే తక్కువ, అందులో ఏసీ ఫ్యాను వాటా పోతే మిగిలేదెంత? నడపదలుచుకుంటే డ్రైవరు కుర్రాడితో చించినాడ వంతెన దాటించి పాలకొల్లు దాకా తిప్పించండి, ఏసీ లేకుండా.

ముందు మీటరు పెట్టి చూడాలి. చిన్న డిజిటల్ మీటరు రెండు మూడు వందల్లో వస్తుంది. కారు రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున్నే బ్యాటరీ మీద పెడితే 12.6 వోల్టులు చూపించాలి, అది నిండు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు అడుగంటినట్టే. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఆల్టర్నేటర్ వైపు చూడాలి.

ఇంకో సంగతి. తాళం వేసిన కారు కూడా కాస్త కరెంటు తాగుతుంది. గడియారం, సెంట్రల్ లాకు, లోపలి కంప్యూటర్ ఇవన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్లు దాటకూడదు. ఆ 50 లెక్కనే రోజుకి 1.2 ఏహెచ్, మూడు వారాలకి 25. మీకు వారంలోనే పడిపోతోందంటే, బ్యాటరీ అయినా పాడై ఉండాలి, దొంగ అయినా లోపల ఉండాలి. కారు కొన్నాక ఏమైనా బిగించారా? జీపీఎస్, కెమెరా, కొత్త స్టీరియో?

ఒకటి మాత్రం నిజం. సగం చార్జింగుతో నెలల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఎక్కించినా పట్టదు. మన ఎండలకి ఇంకా తొందరగా. కాబట్టి ఆలస్యం చేయకండి.

భీమవరం రొయ్యల రైతు:

ఆయ్, నేను చెప్పేది కారు గురించి కాదండి, జనరేటర్ గురించి. చెరువు మీద రాత్రిపూట కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే మోటార్లు) ఆగాయంటే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి పంట తేలిపోతుంది. అందుకని జనరేటర్ సెల్ఫ్ కొట్టి తీరాలి. కానీ కరెంటు బాగున్న నెలలో అది ఊరికే పడి ఉంటుంది. అయినా దాని బ్యాటరీ ఎప్పుడూ డౌన్ కాదు, ఎందుకంటే చార్జర్ తగిలించే ఉంటుంది.

మీరూ అదే చేయండి. ఆటోమేటిక్‌ది, ఫ్లోట్ ఉన్నది అడిగి తీసుకోండి. నిండాక తనంతట తనే 13.5 దగ్గరికి తగ్గి, కారిపోయినంత మాత్రమే ఎక్కిస్తూ ఉంటుంది. షాపుల్లో ఉండే పాత రకం బరువు చార్జర్ మాత్రం తగిలించి వదిలేయకండి, నీళ్లన్నీ మరిగిపోయి బ్యాటరీ ఉడుకుతుంది. కొన్ని చార్జర్లు కరెంటు పోయి వచ్చాక మళ్లీ బటన్ నొక్కితే గానీ పనిచేయవు. మన ఊళ్లలో అలాంటిది కొనుక్కుంటే రోజూ బటన్ నొక్కడమే ఉద్యోగం.

మీరు సముద్రానికి దగ్గర కాబట్టి టెర్మినల్స్ కూడా చూడండి. మా చెరువు గట్టు మీద బోల్టు చుట్టూ పచ్చటి పొడి, వేలితో గీరితే రాలేంత పేరుకుంటుంది. దాని కింద వైరు బిగుతుగానే కనబడుతుంది గానీ కరెంటు పోదు. వేణ్ణీళ్లలో వంట సోడా కలిపి పాత బ్రష్షుతో రుద్ది, ఆరాక వాజలీన్ రాయండి. ఆ పొడి కళ్లలో పడకుండా చూసుకోండి.

కోనసీమ టు కొండాపూర్:

చార్జర్ దాకా ఎందుకండీ? మైనస్ వైరు విప్పేస్తే సరి. 10 నంబరు స్పానరుతో నిమిషం పని. మా నాన్నగారి కారుకి అదే చేస్తాం. గడియారం పోతుంది, రిమోట్ పనిచేయదు, తాళంచెవితో తలుపు తీసుకోవాలి. అంతకు మించి ఇబ్బంది లేదు. సోలార్ ప్యానెల్ కూడా పెట్టి చూశాం. కొబ్బరి చెట్ల నీడలో అది అలంకారానికి తప్ప పనికిరాలేదు.

రావులపాలెం ఎలక్ట్రీషియన్:

విప్పేయడం మంచిదే, కానీ విప్పిన బ్యాటరీ కూడా తనలో తను కొంత కోల్పోతూనే ఉంటుంది. రెండు నెలలకోసారైనా చార్జింగ్ పెట్టాలి. పైగా వాళ్లిద్దరూ పెద్దవాళ్లు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే టార్చి లైటు పట్టుకుని స్పానరు వెతుక్కోమంటారా? నా ఓటు చార్జరుకే.

రాజోలు టీచరమ్మ:

దొంగ దొరికాడు. డ్రైవరు కుర్రాడు మీటరు తెచ్చి మైనస్ వైరు మధ్యలో పెట్టాడు. తలుపులన్నీ వేసి అరగంట ఆగితే గానీ కారు పూర్తిగా నిద్రపోదట, ఆగాం. అయినా 220 మిల్లీఆంపియర్ల దగ్గరే నిలబడింది. ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకుతూ వెళితే ఒకదాని దగ్గర 30కి పడిపోయింది. అది సంక్రాంతికి వచ్చినప్పుడు మావాడు పెట్టించిన కెమెరా. కారు ఆగి ఉన్నా రికార్డింగ్ ఆగదట. పాకలో మా కోళ్లు తప్ప ఎవరున్నారని రాత్రంతా వీడియో?

బ్యాటరీని ఒక రాత్రంతా చార్జింగ్ పెట్టించాం. తెచ్చి బిగించి, మర్నాడు పొద్దున్న చూస్తే 12.5. అంటే కొత్తది కొననక్కర్లేదన్నమాటే కదా? కెమెరా ఫ్యూజు తీసి డబ్బాలో పెట్టాను, మావాడు వచ్చాక వాడితోనే మాట్లాడతాను. చార్జర్ తెప్పిస్తున్నాం. ఇంట్లోంచి పాకలోకి వైరు లాగాలి, వానాకాలం కదా, అదొక్కటే టెన్షన్.

రావులపాలెం ఎలక్ట్రీషియన్:

12.5 మంచి కబురేనమ్మా. వారం ఆగి ఇంకోసారి చూడండి, 12.4 కంటే దిగకపోతే బ్యాటరీ బాగున్నట్టే. పాకలోకి వైరు నేల మీద పరవకండి, పైపులో వేయించి, ఎర్తింగు ఉన్న మూడు పిన్నుల సాకెట్టు ఛాతీ ఎత్తులో, వాన జల్లు పడని గోడకి పెట్టించండి. చార్జర్ తగిలించేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నలుపు, ఆ తర్వాతే స్విచ్ వేయాలి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. చార్జింగులో బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది, కాబట్టి పాక తలుపు కాస్త తీసి ఉంచి, అయ్యగారిని చుట్ట బయటే కాల్చుకోమనండి.

రాజోలు టీచరమ్మ:

చుట్ట సంగతి మీకెవరు చెప్పారు?