పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందం కోర్టులో నిలబడుతుందా?

ప్రశ్న:
నాలుగు నెలల్లో మా పెళ్లి. నా పేరు మీద ఫ్లాటు, దాని మీద లోను ఉన్నాయి. తనకి చిన్న వ్యాపారం, కొంత అప్పు. ఎవరిది వాళ్లకే ఉండాలని, ఒకరి అప్పు ఇంకొకరి మెడకు చుట్టుకోకూడదని ఇద్దరం అనుకున్నాం, ముందు అడిగింది కూడా తనే. నెట్‌లో దొరికిన నమూనా నింపి నోటరీ చేయిస్తే చాలా? రేపు ఏదైనా జరిగితే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకుంటుందా?

జవాబు 1:
చాలదండీ. ముందు మీకు ఏ దేశ చట్టం వర్తిస్తుందో చూసుకోండి, అంతా దాని మీదే ఉంది. అమెరికా రాష్ట్రాల్లో పద్ధతిగా చేసుకున్న ఒప్పందం సాధారణంగా అమలవుతుంది. ఇంగ్లండులో 2010 నాటి రాడ్‌మాకర్ తీర్పు తర్వాత, ఇద్దరూ ఇష్టపడి, అన్నీ తెలిసి చేసుకున్నదైతే, అన్యాయం జరగనంతవరకు కోర్టు దానికి విలువ ఇస్తుంది, కానీ చివరి మాట జడ్జిదే. ఇండియాలో దీనికంటూ చట్టం లేదు, 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ప్రజాహితానికి విరుద్ధమని కొట్టేయొచ్చు. గోవాలో మాత్రం అక్కడి సివిల్ కోడ్ దీన్ని ఒప్పుకుంటుంది.

జవాబు 2:
కాగితంలో ఏముందన్న దానికంటే సంతకం ఎలా పెట్టించారన్నదే ముఖ్యం. మా అక్కకి పెళ్లి మూడు రోజులుందనగా, ఇంటినిండా చుట్టాలు ఉండగా తెచ్చిచ్చారు. ఆస్తుల వివరాలు అనుబంధంలో ఉన్నాయని ఆరో పేజీలో రాసుంది, తిప్పి చూస్తే ఆ పేజీలో పైన హెడ్డింగు తప్ప ఏమీ లేదు. తర్వాత నింపుతాంలే అన్నారు, పెట్టేసింది. విడిపోయేటప్పుడు మా లాయరు జడ్జికి మొదట చూపించింది ఆ ఖాళీ పేజీనే, ఒప్పందం పక్కకి పోయింది. ఆస్ట్రేలియా హైకోర్టు కూడా 2017లో థార్న్ కేసులో ఇలాగే కొట్టేసింది. అక్కడైతే భార్య థార్న్, తన సొంత లాయరే వద్దన్నా, పెళ్లి ఆగిపోతుందన్న భయంతో నాలుగు రోజుల ముందు సంతకం పెట్టింది.

జవాబు 3:
ఇద్దరికీ ఒకే లాయరు వద్దు, ఎవరి లాయరు వాళ్లకుండాలి. కాలిఫోర్నియాలో అయితే తుది ప్రతి చేతికొచ్చాక ఏడు రోజులు ఆగాకే సంతకం. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, వాళ్ల ఖర్చు ఎవరిది అన్నవి రాసుకున్నా కోర్టు కట్టుబడదు, పిల్లల మేలే చూస్తుంది. ఇంకోటి, ఈ ఒప్పందం మీ ఇద్దరి మధ్యే, బ్యాంకుకి దాంతో పనిలేదు. తన వ్యాపారం లోనుకి మీరు హామీ సంతకం పెడితే ఆ అప్పు మీదీ అవుతుంది, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే.

ప్రశ్న అడిగినవారు:
హామీ సంగతి అసలు తట్టలేదు, థాంక్సండీ. పెళ్లయ్యాక ఫ్లాటు ఈఎంఐ ఇద్దరం కడితే?

జవాబు 3:
గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. ఎవరు ఎంత కడుతున్నారు, దానికి ఫ్లాటులో వాటా వస్తుందా లేదా అన్నది ఇప్పుడే స్పష్టంగా రాయించండి. కట్టిన ప్రతి నెలకీ రుజువు దాచుకోండి.