పొద్దున పూట ఎట్లా గడపాల? మాత్రలు మొదలుపెట్టి 12 రోజులైంది

కడప టైలరక్క:

మాది కడప, ఎర్రముక్కపల్లె. నాకు 41. పదహారేండ్లుగా ఇంట్లోనే బ్లౌజులు కుడతాండా. రంజాన్, ఉగాది పక్కపక్కన వస్తే మాకు అన్నం తినే తీరిక ఉండదు. ఈసారి ఆ రెండు పండగలూ పోయినాయి, 23 బ్లౌజుల గుడ్డలు ఇంకా మూటలోనే ఉండాయి. సగానికి కటింగ్ కూడా కాలేదు. ఫోన్ మోగితే ఎత్తను. చెయ్యి నొప్పి లేదు, చూపు బాగానే ఉంది. మిషన్ ముందర కూర్చుంటే సూదిలో దారం ఎక్కించడం కూడా బండ ఎత్తినంత బరువుగా ఉంటాది.

సంక్రాంతి అయినాక మొదలైంది ఇది. తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వస్తాది, మళ్లీ నిద్ర పట్టదు. అప్పట్నుంచి పది గంటల దాకా గుండెల మీద ఎవరో కూర్చున్నట్టే. సాయంత్రానికి కొంచెం తేలికవుతాది. అది చూసి ఇంట్లోవాళ్లు ‘ఇప్పుడు బాగానే ఉండావు కదా, పొద్దున ఏమొచ్చింది నీకు’ అంటారు. మా అత్త మూడుసార్లు దిష్టి తీసింది. పెద్ద దర్గాకు పోయినాం. అక్కడ కూర్చున్నంతసేపూ ఊపిరి ఆడింది, అది నిజమే. ఇంటికొచ్చినాక మళ్లీ అదే.

చివరికి డాక్టర్ దగ్గరికి పోతే థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించి, డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాసినారు. 12 రోజులైంది. కడుపులో తిప్పడం తప్ప ఇంకేం మార్పు లేదు. అవి పనిచేసేదాకా పొద్దున పూట ఎట్లా గడపాల? గుడ్డలిచ్చినోళ్లకు ఏమని చెప్పాల? పిచ్చి అనుకుంటారేమోనని భయంగా ఉంది. దీన్ని దాటినోళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పొద్దుటూరు తమ్ముడు:

అక్కా, మనసు గట్టి చేసుకోవాల. పనిలో పడితే అన్నీ మర్చిపోతావు. మా అమ్మ ఆరుగురిని సాకింది, ఒక్కరోజు కూడా ఇట్లా పడుకోలేదు. ధైర్యంగా ఉండు.

అనంతపురం గుమాస్తా:

అక్కా, పై తమ్ముడు మంచి మనసుతోనే చెప్పినాడు. కానీ ఆ మాట విని నేను ఆరు నెలలు పోగొట్టుకున్నా. పనిలో పడలేకపోవడమే ఈ జబ్బు. కాలు విరిగినోడిని నడువు, సరిపోతాదంటే ఎట్లా నడుస్తాడు?

నేను చెనిక్కాయల మిల్లులో లెక్కలు రాస్తా. 2019లో నాకూ ఇదే. తెల్లవారుజామున మెలకువ, పొద్దున బరువు, సాయంత్రం తేలిక, అంతా మీరు చెప్పినట్టే. సాయంత్రం నవ్వినానంటే పొద్దున నటించినట్టు కాదు. ఈ జబ్బులో చాలామందికి పొద్దున్నే ఎక్కువగా ఉంటాదని మా డాక్టర్ చెప్పినాక మా ఇంట్లోవాళ్లు నమ్మినారు. మీ ఆయనను కూడా ఒకసారి వెంట తీసుకుపోండి. మనం వందసార్లు చెప్పినా ఎక్కనిది డాక్టర్ ఒక్కసారి చెప్తే ఎక్కుతాది.

పొద్దున పూట నేను ఏం చేసినానో చెప్తా. మంచంలో పడుకుని ‘ఓపిక వచ్చినాక లేద్దాం’ అనుకుంటే ఓపిక రాలేదు. అందుకని రాత్రే చెప్పులు, చొక్కా, పాలకు చిల్లర తలుపు పక్కన పెట్టుకునేవాణ్ని. ఐదున్నరకు ఏమీ ఆలోచించకుండా టవర్ క్లాక్ దాకా నడిచి పాల ప్యాకెట్ తెచ్చేది. అంతే. మొదటి రెండు వారాలు ఆ నడకలో సంతోషమేం లేదు. పాలు మాత్రం ఇంటికొచ్చినాయి. ఆరోజు నేను చేసిన పని అదొక్కటైనా ఉండేది.

ఇంకోటి. పొద్దున కూడికలు చేస్తే అన్నీ తప్పులే, ఆ తప్పులు చూసి ఇంకా కుంగిపోయేవాణ్ని. అప్పుడు మా సేటుకు చెప్పుకున్నా. పొద్దున బిల్లులు తేదీలవారీగా సర్దడం, కూడికలు మూడు దాటినాక. ఏం జబ్బని ఆయన అడగలేదు, సరే అన్నాడు.

కర్నూలు సిస్టర్:

నేను స్టాఫ్ నర్సును. అక్కా, 12 రోజులకు ఈ మాత్రల గురించి తేల్చుకోవద్దు. వీటి గుణం కనబడడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పూర్తిగా తెలియడానికి ఆరు వారాలు కూడా పట్టొచ్చు. కడుపులో తిప్పడం చాలామందికి మొదటి ఒకటి రెండు వారాల్లోనే ఉంటుంది. తిన్నాక వేసుకోవచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. బాగైనాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. అలవాటైపోయిందని కాదు, జబ్బు తిరగబెట్టకుండా. ఒంట్లో కుదురులేనితనం, కంగారు కొత్తగా పెరిగితే మాత్రం ఇచ్చిన తేదీ దాకా ఆగకుండా పోయి చూపించుకోండి.

సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి. ఆ మూడున్నర వేళ బతకొద్దు అన్న ఆలోచన వస్తోందా? వస్తే ఇంట్లో ఒకరిని లేపండి, ఒక్కరే కూర్చోవద్దు. టెలిమానస్ అని మనసు బాధలకు ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 24 గంటలూ పలుకుతారు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చేట్టుంటే మాత్రం రాత్రయినా సరే ఆసుపత్రికి పోవాల్సిందే.

కడప టైలరక్క (తొమ్మిది రోజుల తర్వాత):

సిస్టర్, మీరడిగినాక ఆరోజంతా ఏడ్చినా. వచ్చినాయి, రెండుసార్లు. మా ఆయనకు చెప్పినా. ఏమీ మాట్లాడలేదు. అప్పట్నుంచి మూడున్నరకు నేను కదిలితే ఆయనా లేస్తాండాడు. ఒకరోజు ఆయన పక్కన ఉండగానే 14416కు ఫోన్ చేసినా. ఆడమనిషే ఎత్తింది. తొందరపెట్టకుండా విన్నది.

అన్నా, మీ కూడికల మాట నా పనికి బాగా కుదిరింది. పొద్దున కత్తెర ముట్టుకోవడం మానేసినా. కటింగ్ తప్పితే ఇంకొకరి పట్టుగుడ్డ పోతాది, ఆ భయమే సగం చంపేది. ఇప్పుడు పొద్దున హుక్కులు, హెమ్మింగ్, అదీ వాకిట్లో ఎండ పడేచోట కూర్చుని. కటింగ్ ఐదు దాటినాకే.

14 బ్లౌజులు మా వీధిలోనే ఇంకో టైలరుకు ఇచ్చేసినా. గుడ్డలిచ్చినోళ్లకు ‘ఒంట్లో బాగలేదు, మందులు వాడతాండా’ అని చెప్పినా. ఒకామె గట్టిగానే అరిచింది. తక్కినోళ్లు సరే అన్నారు. నేను అంత చెప్తే చాలు కదా?

కడుపులో తిప్పడం తగ్గింది. మెలకువ మాత్రం ఈరోజు కూడా 3:40కే. గురువారం డాక్టర్ దగ్గరికి పోతాండాం, ఇద్దరమూ. పొద్దున ఆరు హుక్కులు కుట్టినా.