సెకండ్ హ్యాండ్ మినీ ఎక్స్‌కవేటర్, చిప్పర్ కొనేముందు ఏం చూడాలి? ఇన్సూరెన్స్ ఎలా?

కొత్తపని:
చెట్లు కొట్టి, మొదళ్ళు పెకలించి, నేల చదును చేసే కాంట్రాక్టుల కోసం రెండు మెషీన్లు చూశాం. ఒకటి 3 టన్నుల మినీ ఎక్స్‌కవేటర్. రబ్బరు ట్రాకులు, మీటర్ మీద 4,200 గంటలు. రెండోది 6 అంగుళాల డీజిల్ డిస్క్ చిప్పర్, అంటే తిరిగే డిస్క్ మీది కత్తులతో కొమ్మల్ని ముక్కలు చేసేది. రెండింటికీ కొత్త పెయింటే. ఇంజన్ చప్పుడు బాగానే ఉంది గానీ అంతకుమించి ఏం చూడాలో తెలియడం లేదు. కొన్నాక మెయింటెనెన్స్‌లో ఎక్కడ అశ్రద్ధ చేస్తే దెబ్బ తింటాం? ఇన్సూరెన్స్ దేనికి ఎంత తీసుకోవాలి?

గడ్డపార:
ఎక్స్‌కవేటర్ వరకు చెప్తాను. పెయింట్, మీటర్ రెండూ మార్చేయొచ్చు. జాయింట్ల దగ్గరి పిన్నుల అరుగుదల మాత్రం దాచలేరు.

మీరు వెళ్ళేసరికి ఇంజన్ చల్లగా ఉండాలి. ముందే చెప్పండి, వెళ్ళగానే బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే బయటపడే లోపం ఏదో దాస్తున్నారని అనుమానించొచ్చు. స్టార్ట్ కాగానే కాసేపు తెల్లపొగ వస్తే ఫర్వాలేదు. నీలిపొగ ఆగకపోతే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత వదులు చేయండి. గాలి బుసబుసమని తంతుంటే రింగులు, లైనర్లు అరిగాయి.

తర్వాత బకెట్‌ని నేలమీద ఆనించి, లివర్ కొంచెం కొంచెంగా పైకీ కిందకీ ఆడించమనండి. మీరు దూరంగా పక్కన నిలబడి ఒక్కో జాయింట్ చూడండి: బకెట్, ఆర్మ్, బూమ్ (పెద్ద చెయ్యి) మొదలు, స్వింగ్ పోస్ట్ (బూమ్‌ని పక్కలకి తిప్పే కీలు). పిన్ను కదిలాక కాస్త ఆలస్యంగా ఇనుము కదిలితే అదే ప్లే. పిన్నూ బుష్షూ మారిస్తే సరిపోతే బేరం చేసుకోవచ్చు. రంధ్రమే కోలగా సాగిపోతే బోరింగ్ పని పడుతుంది, ఖర్చు లెక్క మారిపోతుంది.

అలా ఆడించేటప్పుడే స్లూ రింగ్ (పై భాగం గుండ్రంగా తిరిగే పెద్ద బేరింగ్) సంగతి కూడా తెలిసిపోతుంది. బకెట్‌తో నేలని నొక్కి వదులుతుంటే పై భాగానికీ కింది భాగానికీ మధ్య సందు తెరుచుకుని మూసుకుంటోందా? టకటకమంటోందా? అయితే బేరం అక్కడే ఆపేయడం మంచిది. మినీలో ఖరీదైన రిపేర్లలో అదొకటి.

ఇక హైడ్రాలిక్. కనీసం అరగంట గట్టిగా పని చేయించాకే తీర్పు చెప్పండి. పంపు నీరసం ఆయిల్ కాగి పల్చబడ్డాకే బయటపడుతుంది. బకెట్‌లో మట్టి నింపి, బూమ్ ఎత్తి ఇంజన్ ఆపండి. సిలిండర్ రాడ్ మీద చాక్‌పీసుతో గీత గీసి పది నిమిషాలు చూడండి, ఎవరినీ కిందకి వెళ్ళనివ్వకండి. కళ్ళెదుటే దిగిపోతుంటే సీళ్ళో వాల్వ్ బ్లాకో పోయినట్టు. ఆయిల్ మజ్జిగలా ఉంటే నీళ్ళు కలిశాయి.

ట్రాకులు: స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగాయా, రబ్బరు చీలి లోపలి తీగలు కనిపిస్తున్నాయా చూడండి. ట్రాకుని బిగువుగా ఉంచే టెన్షన్ సిలిండర్ ఇప్పటికే పూర్తిగా బయటికి వచ్చేసి ఉంటే ట్రాకు సాగిపోయింది. టెన్షన్ తగ్గించేటప్పుడు ఆ సిలిండర్‌కి గ్రీజు కొట్టే నిప్పుల్‌కి ఎదురుగా ముఖం పెట్టకండి, ఒక్క చుట్టుకి మించి వదులు చేయకండి. లోపలి గ్రీజు పీడనానికి నిప్పుల్ బుల్లెట్‌లా దూసుకొస్తుంది.

కొన్నాక రోజూ పిన్నులకి గ్రీజు. స్లూ రింగ్‌కి ఒకేచోట కుక్కేయకుండా కొంచెం కొట్టి, మెషీన్‌ని పావు చుట్టు తిప్పి, ఆపి మళ్ళీ కొట్టాలి. ఆయిళ్ళు, ఫిల్టర్లు మాన్యువల్ గంటల ప్రకారం మార్చండి. ఊరికే ఐడిల్‌లో నడిచిన గంటలూ అందులో లెక్కే.

ఆకురాయి:
చిప్పర్‌కి ప్రాణం డిస్క్ మీది కత్తులు, కదలకుండా ఉండే ఎదురు కత్తి, వాటి మధ్య సందు. ఇంజన్ ఆపినా డిస్క్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. పూర్తిగా ఆగాక, తాళం జేబులో వేసుకుని, లాక్ పిన్ పెట్టాకే మూత తెరవండి.

కొనేటప్పుడు ఒక తాజా కొమ్మ, ఒక ఎండు కొమ్మ వేయించి చూడండి. ముక్కలు సమానంగా, అంచు తెగి వస్తే బాగున్నట్టు. పీచుపీచుగా తోకలతో వస్తే కత్తులు మొద్దుబారాయి, లేదా సందు పెరిగింది. ఆ స్థితిలో ఇంజన్ బలవంతంగా లాగుతుంది, బెల్టులు జారి కాలిన వాసన వేస్తాయి, కొమ్మని లోపలికి లాగే ఫీడ్ రోలర్ మాటిమాటికీ ఆగుతుంది. చాలామంది ఇంజన్‌ని తిడతారు, పాపం దాని తప్పేం ఉండదు. ఇంజన్ ఆపి, డిస్క్‌ని పట్టుకుని ఎత్తినప్పుడు ఊగితే బేరింగులు పోయాయి. ఫీడ్‌ని ఆపే సేఫ్టీ బార్ పనిచేయకపోతే ఆ చిప్పర్ ముట్టుకోకండి.

కత్తులు సెట్‌గానే సాన పట్టించాలి. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అరగదీస్తే బరువు తేడా వచ్చి డిస్క్ వణుకుతుంది. బెంచ్ గ్రైండర్ మీద అంచు నీలంగా మారితే పదును నిలవదు. నీళ్ళు పోస్తూ సాన పట్టే చోటకి ఇవ్వండి. బిగించేటప్పుడు కొత్త బోల్టులు, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బిగువుగా ఉందో కొలిచే పానా) తప్పనిసరి. సందు మాన్యువల్‌లో ఇచ్చినంతే ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) పెట్టండి. మొదటి గంట నడిచాక టార్క్ మళ్ళీ చూడండి.

మట్టి అంటుకున్న వేర్లు, ఊడ్చిన చెత్త చిప్పర్‌లో వేయకండి. ఒక్క గులకరాయి చాలు, కొత్త పదును అప్పటికప్పుడు పోతుంది. మొదళ్ళు తీసే మీ పనిలో ఈ పొరపాటు రోజూ జరిగే అవకాశం ఉంది.

చైన్ సా ఎలాగూ ఉంటుంది కాబట్టి: 50:1 అంటే 5 లీటర్ల పెట్రోలుకి 100 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిల్. .325 అంగుళాల పిచ్ (లింకుల మధ్య దూరం) గొలుసుకి 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి వాడతారు. కోత ఒక పక్కకి వంకరపోతుంటే ఒక వైపు పళ్ళు పొట్టివైనట్టు, అన్నీ ఒకే పొడవుకి తేండి.

పాలసీపేజీ:
ఇన్సూరెన్స్‌లో ఎక్కువమంది దెబ్బ తినేది విలువ దగ్గర. మెషీన్ అసలు విలువలో 60 శాతానికే పాలసీ తీసుకుంటే చిన్న నష్టానికీ 60 శాతమే ఇచ్చే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. ఆ విలువని మార్కెట్ ధరతో లెక్కగడతారా, కొత్త మెషీన్ ధరతోనా అన్నది సంతకానికి ముందే అడగండి. బకెట్లు, క్విక్ హిచ్ (బకెట్ త్వరగా మార్చే కొక్కెం), గ్రాపుల్ (దుంగలు పట్టుకునే పంజా) విడిగా జాబితాలో రాయించకపోతే అవి పాలసీలో లేనట్టే.

సాధారణంగా రానివి: అరుగుదల, లోపలి బ్రేక్‌డౌన్, కత్తులు, బెల్టులు, టైర్ల లాంటి అరిగే భాగాలు, సామర్థ్యానికి మించి ఎత్తడం వల్ల జరిగిన నష్టం. మెషీన్ పాలసీ వేరు, ఇతరుల ఆస్తికీ మనుషులకీ కలిగే నష్టానికి కవర్ వేరు. కొట్టిన చెట్టు గోడ మీద పడినా, బకెట్ భూమిలోని కేబుల్ తెంపినా రెండోదే ఆదుకోవాలి. పని వివరాల్లో "మట్టి పని" అని మాత్రమే రాస్తే చెట్టు ప్రమాదంలో క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

దొంగతనం సంగతి: ఒకే కంపెనీ ఎక్స్‌కవేటర్లు చాలావాటికి ఒకే తాళం సరిపోతుంది. బ్యాటరీ ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా ఆపేసే స్విచ్), ట్రాకర్ పెట్టించండి. రాత్రి మెషీన్ ఎక్కడ నిలపాలో పాలసీలో షరతు ఉందేమో చూడండి.

కొత్తపని:
ధన్యవాదాలు. అద్దెకి తెచ్చే స్టంప్ గ్రైండర్ (మొదళ్ళని పొడి చేసే మెషీన్) మా పాలసీలోకి వస్తుందా?

పాలసీపేజీ:
దానంతట అది రాదు. అద్దె మెషీన్లకి విడిగా కవర్ ఉంటుంది, అడగండి. అద్దె ఒప్పందంలో రిపేరు అయ్యేంతవరకూ అద్దె కట్టాలని ఉంటే ఆ డబ్బు కూడా కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మెషీన్ తీసుకునేటప్పుడు పళ్ళు, బెల్ట్ గార్డు, సీరియల్ ప్లేటు ఫోటోలు తీసుకోండి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళ సర్వేయర్ చూసేదాకా రిపేరు మొదలుపెట్టకండి, విరిగిన ముక్క పారేయకండి.