మెట్రోలో తిరిగేవాడికి జేబు చాకు: 1,500 లోపు లాక్ ఉన్నదా, లేనిదా?

మియాపూర్_మెట్రో
నాది మియాపూర్, ఆఫీసు రాయదుర్గం. వారంలో మూడు రోజులు మెట్రో, రెండు రోజులు బండి. చిన్న మడత చాకు ఒకటి దగ్గర పెట్టుకోవాలని ఆర్నెల్లుగా అనుకుంటున్నా. పెద్ద పనులేం లేవు. పార్సిల్ టేపు కోయాలి, మధ్యాహ్నం జామకాయో యాపిలో కోసుకోవాలి, బాల్కనీలో తీగలకు కట్టిన తాడు తెంపాలి, అంతే.

నెల క్రితం ఆన్‌లైన్‌లో 450 పెట్టి ఒకటి తెప్పించా. నల్లగా, సగం అంచు రంపం పళ్లతో, ఫోటోలో మిలటరీ వాళ్లది లాగా కనిపించింది. దాంతో యాపిల్ కోస్తే ముక్క తెగలేదు, కాయ పగిలింది. మూడో రోజు అట్టపెట్టెలోకి పొడిచి లాగుతుంటే లాక్ జారి నా చూపుడు వేలి మీదే మూసుకుంది. రెండు కుట్లు. ఇంట్లో ఇప్పుడు చాకు మాట ఎత్తనివ్వడం లేదు.

బడ్జెట్ 1,500. లాక్ ఉన్నది కొనాలా, లేనిది కొనాలా? కుట్లు పడ్డాక కూడా నా ఓటు లాక్‌కే, కాకపోతే ఈసారి మంచి లాక్‌కి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

సానరాయి
తమ్ముడూ, లాక్ ఉందన్న ధైర్యంతో పొడిచావు, అందుకే వేలు తెగింది. లాక్ లేని చాకైతే పొడిచేవాడివే కాదు.

450 రూపాయల చాకులో ఉండేది లైనర్ లాక్. పిడి లోపల ఒక సన్నటి రేకు ఉంటుంది. బ్లేడు తెరవగానే అది స్ప్రింగులా పక్కకు వచ్చి బ్లేడు మడమ, అంటే పిడిలో ఉండే దాని వెనక కొస, వెనక అడ్డంగా నిలబడుతుంది. ఆ రేకు, ఆ మడమ ఒకదానికొకటి సరిగ్గా ఆనాలంటే కోణం కచ్చితంగా కుదరాలి. చవక సరుకులో రేకు మూల మాత్రమే తాకుతుంది. గట్టిగా ఒత్తితే జారుతుంది.

లాక్ లేనిదాంట్లో పిడి వీపు పొడవునా ఒక బలమైన స్ప్రింగు ఉంటుంది, అంతే. తెరిచినా మూసినా అదే బ్లేడును పట్టుకుంటుంది. మన తాతల నాటి పెన్నుకత్తులు చాలావరకు ఇలాంటివే. విక్టోరినాక్స్ వాళ్లు 1897లో స్విస్ ఆఫీసర్ల కోసం చేసిన చాకులో ఉన్నదీ ఈ పద్ధతే, ఇవాళ్టికీ వాళ్ల చిన్న చాకుల్లో చాలావాటికి లాక్ ఉండదు. వంద ఏళ్లకు పైగా జనం దాంతోనే పళ్లు కోసుకున్నారు, తాళ్లు తెంపారు. చెయ్యి ఎలా పెట్టాలో వాళ్లకు తెలుసు, అంతే తేడా.

ట్రూప్‌బజార్_వైర్లు
సానరాయి గారూ, ఏసీ గదిలో యాపిల్ కోసుకునేవాళ్లకు మీ మాట నిజమే. నేను ఎలక్ట్రీషియన్ని. నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో పైపు పట్టుకుని, చెమట చేతుల్తో పని చేసేవాణ్ని. పిడి చేతిలో కాస్త తిరిగిందంటే లాక్ లేని చాకు వేళ్ల మీదికే వస్తుంది.

చవక లాక్ మోసం చేసిందని లాక్ అనేదే వద్దంటే ఎలా? చవక హెల్మెట్ పగిలిందని హెల్మెట్ మానేస్తామా?

తమ్ముడికి చెప్పేదొకటే, చేత్తో చూడకుండా లాక్ చాకు కొనొద్దు. షాపులో తెరిచి బ్లేడును పక్కకు కదిపి చూడు, లొడలొడలాడితే పక్కన పెట్టు. లాక్ రేకు మడమ మీద ఎంత మేర ఆనిందో చూడు, అంచుకే వేలాడుతుంటే వద్దు. చివరగా వేళ్లు దారిలో లేకుండా పిడిని రెండు కొసల దగ్గర పట్టుకుని, బ్లేడు వీపును చెక్క బల్ల మీద మెల్లగా తట్టు. మూసుకుందంటే అక్కడే ఇచ్చేసి వచ్చెయ్.

పాతబస్తీ_పోరడు
భాయ్, ఇంత ఆలోచన దేనికి? బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేది తీసుకో. రాత్రి లేటుగా ఇంటికొస్తావు కదా, సేఫ్టీకి కూడా పనికొస్తుంది.

లెక్కల_మాస్టారు
పోరడా, కోప్పడకు గానీ ఆ రెండు సలహాలూ తప్పే.

ముందు చట్టం. ఆయుధాల చట్టం 1959 నాటిది, దాని కింద ఇప్పుడు నడుస్తున్నవి 2016 నిబంధనలు. వాటిలో ఆయుధాల జాబితాలోకి వచ్చేవి 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో బ్లేడు ఉన్న కత్తులు. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటికి మినహాయింపు ఉంది. ఆ లెక్కన మూడు అంగుళాల, పళ్లు కోసుకునే చాకు ఎక్కడో దూరంగా ఉంది. కానీ బటన్ చాకు సంగతి వేరు. ఢిల్లీలో 1980 నుంచి ఒక నోటిఫికేషన్ ఉంది. బటన్‌తోనో స్ప్రింగుతోనో తెరుచుకునే చాకు బ్లేడు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేదా అంతకంటే ఎక్కువుంటే కేసు దాకా వెళ్లొచ్చు. అది ఢిల్లీకి మాత్రమే, మన దగ్గర కాదు. అయినా ఆఫీసు పనిమీద ఢిల్లీ వెళ్లేవాడు అక్కడ జేబు తడుముకుని టెన్షన్ పడటం ఎందుకు?

ఇక్కడ కూడా ఎన్నికలప్పుడో పండగలప్పుడో పోలీసులు నిషేధాజ్ఞలు పెడతారు. ఒకప్పుడు 144 సెక్షన్ అనేవాళ్లం, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163. ఆ రోజుల్లో చాకు ఇంట్లోనే ఉండాలి.

ఇక సేఫ్టీ. రాత్రి ఎవడైనా ఎదురొస్తే చాకు తీసినవాడికే ముందు తెగుతుంది. వీడి అనుభవమే చెప్తోంది కదా, అట్టపెట్టె తిరగబడకుండానే రెండు కుట్లు పడ్డాయి.

పాతబస్తీ_పోరడు
😂 సరే మాస్టారూ, వెనక్కి తీసుకుంటున్నా.

నల్లకుంట_అక్క
అందరూ లాక్ గురించి కొట్టుకుంటున్నారు, బాబు రాసిన మొదటి లైను ఎవరూ చదవలేదు. వారంలో మూడు రోజులు మెట్రో అన్నాడు. స్టేషన్‌లో బ్యాగు స్కానర్‌లో వేస్తారు, మనిషిని తడుముతారు. ఒకసారి మార్కెట్ నుంచి వస్తూ కొత్త కూరగాయల చాకు బ్యాగులో మర్చిపోయా. పక్కకు పిలిచారు. తప్పు నాదే, వాళ్లేం చేస్తారు? చాకు వదిలేయలేక ఆటో ఎక్కాను. చాకు ధర కంటే ఆటో ఖర్చే ఎక్కువైంది.

లాక్ ఉన్నా లేకపోయినా స్కానర్‌కి రెండూ చాకులే. బాబూ, రోజూ జేబులో పెట్టుకునే యోగం నీకు లేదు. ఆఫీసులో ఒకటి, ఇంట్లో ఒకటి ఉంచుకో. 1,500ని రెండుగా చెయ్.

మియాపూర్_మెట్రో
అక్కా, ఇది నిజంగా తట్టలేదు. పాత చాకు కొన్న మూడు రోజులూ బండి మీదే వెళ్లా కాబట్టి బతికిపోయా.

మరి ఆఫీసు డ్రాయర్లో ఏది, ఇంట్లో ఏది?

రెండు_రూపాయల_బ్లేడు
డ్రాయర్లో కటర్ పెట్టు! ఇంతసేపూ ఎవరూ అనలేదేంటి? స్టేషనరీ షాపులో దొరికే, గళ్లు గళ్లుగా విరిచే బ్లేడు కటర్. 1956లో జపాన్‌లో ఓల్ఫా వాళ్లు కనిపెట్టింది. చాక్లెట్ బార్ గీతల దగ్గర విరుగుతుంది చూశారా, ఆ ఆలోచనే. మొద్దుబారితే ఒక గడి విరుస్తావు, కొత్త అంచు వస్తుంది. సాన అక్కర్లేదు. టేపుకి, అట్టకి దీన్ని మించింది లేదు. ఏ స్టీలు, ఎంత కార్బన్ అని బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. విరిచిన ముక్కలు మాత్రం చెత్తబుట్టలో వేయకు, ఒక పాత డబ్బాలో వెయ్. చెత్త తీసేవాళ్ల చేతులు తెగుతాయి.

సానరాయి
టేపు వరకు ఒప్పుకుంటా. దాంతో జామకాయ కోస్తావా? ఆ బ్లేడుకి తుప్పు పట్టకుండా నూనె పూస్తారు, పైగా పొద్దున్నంతా పార్సిళ్ల జిగురు అంటుకుని ఉంటుంది. కాయలో దిగితే పక్కకు వంగుతుంది, గడి విరిగి కాయలోనే ఉండిపోవచ్చు.

రెండు_రూపాయల_బ్లేడు
జామకాయ కొరుక్కుని తినండి సార్.

బాల్కనీ_తోట
ఇంటి చాకుకి నాదో మాట. ఒపినెల్ అని ఫ్రాన్స్‌ది, చెక్క పిడి, 1890 నుంచి చేస్తున్నారు. పిడి మూతి దగ్గర తిప్పే రింగు ఒకటి ఉంటుంది. 1955లో పెట్టారు, అదే లాక్. లైనర్ లాక్‌లా జారే రేకు లేదు, రింగు తిప్పితే బ్లేడు కదలదు. ట్రూప్‌బజార్ అన్నకీ నచ్చుతుంది. మరీ చిన్న సైజులకు ఈ రింగు ఉండదు, 6 నంబరు నుంచి చూసుకోండి. 6కి బ్లేడు 7 సెంటీమీటర్లు, 8కి 8.5. ధర ఎప్పుడూ ఒకేలా ఉండదు, 1,500లో 6 దొరికితే అదృష్టమే.

అసలు గొప్ప దాని పల్చదనం. మిలటరీ వేషం వేసిన చవక చాకులు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం, గొడ్డలిలా దిగి కాయను చీలుస్తాయి. నీ యాపిల్ పగిలింది అందుకే, పదును లేక కాదు.

కష్టం కూడా చెప్పాలి. మన జులై ఆగస్టు వానల్లో పిడి చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది, గోటితో లాగితే రాదు. రింగు తెరిచి పిడి వెనక కొసను బల్ల మీద టక్‌మని కొడితే బ్లేడు కొంచెం పైకి వస్తుంది, అప్పుడు లాగాలి. కొన్నప్పుడు కార్బన్ స్టీలు కాకుండా స్టెయిన్‌లెస్ అడగండి. మామిడికాయ కోస్తే కార్బన్ బ్లేడు నల్లబడుతుంది, ముక్కకు ఇనుము వాసన పడుతుంది.

పాతబస్తీ_పోరడు
ఫ్రాన్స్ దేనికి? మన నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. అలల్లాంటి గీతలుండే ఆ డమాస్కస్ ఉక్కు మన దగ్గరిదే!

లెక్కల_మాస్టారు
చరిత్ర నిజమే, గర్వపడు. కానీ ఇప్పుడు ఆన్‌లైన్‌లో డమాస్కస్ అని చవకగా అమ్మేవాటిలో చాలావాటికి గీతలు యాసిడ్‌తోనో లేజర్‌తోనో వేసినవే.

అదే పద్ధతిలో బ్లేడు మీద ఉత్త 440 అని ఉంటే నమ్మకు. 440 అనేది ఒక స్టెయిన్‌లెస్ ఉక్కు, అందులో ఏ, బీ, సీ రకాలున్నాయి. ఏలో కార్బన్ 0.60 నుంచి 0.75 శాతం, సీలో 0.95 నుంచి 1.20. అక్షరం రాయనివాడు సీ ఇచ్చి దాచుకుంటాడా? ఇంకో ఉక్కు డీ2. ఈమధ్య చవక చైనా చాకుల్లో తెగ వస్తోంది. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, పదును చాలాకాలం నిలుస్తుంది. కానీ పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, నిమ్మకాయ కోసి తుడవకపోతే మచ్చలు వస్తాయి. పైగా ఒకసారి మొద్దుబారితే ఇంట్లో సాన పెట్టడం అలవాటు లేనివాడికి నరకం.

సానరాయి
నా పేరుకి తగ్గ మాట ఇప్పుడు వచ్చింది. మెత్తటి స్టెయిన్‌లెస్ బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది, అంతే తొందరగా పదునెక్కుతుంది. ఆ పని ఇంట్లోనే చెయ్. సైకిల్ మీద వీధిలోకి వచ్చే సాన అతనికి కత్తిపీట ఇవ్వు, కొడవలి ఇవ్వు, పల్చటి చాకు మాత్రం ఇవ్వకు. చక్రం నీళ్లు లేకుండా పొడిగా తిరుగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, అంచు వేడెక్కి నీలం తిరిగితే ఆ ఉక్కు గట్టిదనం అక్కడితో పోయినట్టే.

రాయి కొనే డబ్బు లేకపోతే పింగాణీ కప్పు బోర్లించు. అడుగున పూత లేని గరుకు అంచు ఉంటుంది. దాని మీద బ్లేడు వీపును కొంచెం ఎత్తి, 15 నుంచి 20 డిగ్రీల్లో, పక్కకొకసారి చొప్పున మార్చి మార్చి రుద్దు. గట్టిగా ఒత్తకు.

ట్రూప్‌బజార్_వైర్లు
అన్నీ ఒప్పుకున్నా సానరాయి గారూ, లాక్ లేని చాకు మాత్రం ఒప్పుకోను. నిచ్చెన ఎక్కి చూడండి ఒకసారి.

సానరాయి
మీరు నిచ్చెన మీద లాక్ వాడండి, అభ్యంతరం లేదు. అతని నిచ్చెన ఏది? బాల్కనీలో మనీప్లాంట్ తాడు.

మియాపూర్_మెట్రో
ఆదివారం బండి మీద రాణిగంజ్ వెళ్దామనుకున్నా, షాపులు మూసి ఉంటాయని శనివారమే వెళ్లా. అటునుంచి బేగంబజార్. లాక్ చాకులు నాలుగు చూశా, ట్రూప్‌బజార్ అన్న చెప్పినట్టు తట్టి చూస్తే మూడు మూసుకున్నాయి. షాపాయన నన్ను వింతగా చూశాడు. నాలుగోది నిలబడింది గానీ మందం నాలుగు మిల్లీమీటర్లు, పాత కథే.

చివరికి లాక్ లేని చిన్న స్టెయిన్‌లెస్ చాకు 900కి తీసుకున్నా, అది ఇంటికి. డ్రాయర్లోకి 60 రూపాయల కటర్. మిగిలిన డబ్బుతో రాయి కొనలేదు, ఇద్దరం హలీం తిన్నాం, ఇంట్లో కాస్త చల్లబడ్డారు. జామకాయ ఆఫీసులో కొరుక్కునే తింటున్నా.

సానరాయి అన్నా, కప్పు మీద పక్కకి ఎన్నిసార్లు రుద్దాలి?

సానరాయి
పదీ పదీ రుద్ది పాత పేపరు కోసి చూడు. చిరిగితే ఇంకో పది. ఇంట్లో వాళ్లు టీ తాగే కప్పు మాత్రం తీసుకోకు.