కంటిన్యువమ్ 24/96 ఫ్లాక్: తేడా ఎందుకు వినపడట్లేదు?

ప్రశ్న:
జాన్ మేయర్ 2006 ఆల్బమ్ కంటిన్యువమ్ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ (24/96) ఫ్లాక్‌లో, అంటే క్వాలిటీ పోకుండా కుదించిన ఫైల్‌గా ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్, బ్లూటూత్ హెడ్‌ఫోన్స్. సీడీకీ దీనికీ తేడా ఏమీ తెలియట్లేదు. సెట్టింగ్ ఏమైనా మార్చాలా?

జవాబు:
బ్లూటూత్‌లో ఏ ఫైల్ పెట్టినా అంతే అన్నా. బ్లూటూత్‌లో హై-క్వాలిటీ పాట పంపే సోనీ పద్ధతి ఎల్‌డ్యాక్ కూడా గరిష్ఠంగా 990 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). 24/96 స్టీరియోకి కంప్రెస్ చేయకముందు 4,608 కావాలి. వైరు వాడండి. యూఎస్‌బీ డ్యాక్ (డిజిటల్ ఫైల్‌ని హెడ్‌ఫోన్స్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చే చిన్న పరికరం) తగిలించినా మామూలు ప్లేయర్ యాప్‌తో చాలా ఫోన్లు 96ని 48 కిలోహెర్ట్జ్‌కి దించేస్తాయి. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో యాప్‌లో బిట్-పర్ఫెక్ట్ (ఫైల్‌ని ఏమీ మార్చకుండా పంపే సెట్టింగ్) ఆన్ చేసి, రేటు 96 చూపిస్తోందో లేదో చూడండి. ఆపిల్ డాంగిల్ (హెడ్‌ఫోన్స్ వైరు తగిలించే ఆపిల్ చిన్న డ్యాక్) మాత్రం కొనకండి, అది 48 దగ్గరే ఆగిపోతుంది.

జవాబు:
ముందు ఫైల్ అసలుదేనా? పాటలోని ఫ్రీక్వెన్సీలని బొమ్మగా చూపించే స్పెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. సీడీలో సౌండు 22 కిలోహెర్ట్జ్ దాకానే ఉంటుంది, బొమ్మ అక్కడ గోడ కట్టినట్టు తెగితే సీడీని సాగదీశారని అనుమానించాలి.

జవాబు:
పై రెండూ సరే గానీ, తేడా వినిపిస్తే అది ఎక్కువగా మాస్టరింగ్‌ది, అంటే విడుదలకి ముందు సౌండుకి చేసే చివరి మెరుగులది. ఒకే మాస్టర్ అయితే సీడీ 44.1 కిలోహెర్ట్జ్‌కీ ఈ 96కీ మధ్య చెవికి దొరికేది దాదాపు సున్నా. కంప్యూటర్‌లో ఫూబార్ అనే ప్లేయర్‌లో, రీప్లేగెయిన్ ఆప్షన్‌తో రెండు ఫైళ్ల సౌండు సమం చేసి ఏబీఎక్స్ (ఏది ఏదో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమనే పరీక్ష) పెట్టండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా అదే బాగుందనిపిస్తుంది. ఈ ఆల్బమ్‌లో స్టీవ్ జోర్డాన్ స్నేర్ డ్రమ్, పినో పల్లాడినో బేస్ గిటార్ విడివిడిగా వినాలంటే డబ్బు మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి.